వాట్సాప్‌లో వచ్చిన ఏపీకేను ముందు మాబ్‌ఎస్‌ఎఫ్‌లో వేసి చూడండి

మిర్యాలగూడలో మా చిన్నాయనకు వడ్లు అమ్మిన వారమే వాట్సాప్‌లో ‘పీఎం కిసాన్’ పేరుతో ఒక ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్ ఫైల్) వచ్చింది. నొక్కకుండా నాకు పంపాడు, అదే నయం.

ఇలాంటివి ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేయకుండా, ల్యాప్‌టాప్‌లో మాబ్‌ఎస్‌ఎఫ్ (MobSF, యాప్‌ను విప్పి పరిశీలించే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని చూడండి. ఉచితమే. డాకర్ (సాఫ్ట్‌వేర్‌ను విడి పెట్టెలో నడిపే టూల్) ఉంటే ఒక్క కమాండ్ చాలు. బ్రౌజర్‌లో localhost:8000 అని తెరిచి ఫైల్ వేస్తే, అదే విప్పి రిపోర్టు ఇస్తుంది.

పైన కనిపించే స్కోరును నేనైతే పట్టించుకోను, నేరుగా పర్మిషన్లకు వెళ్తాను. కిసాన్ యాప్‌కు ఎస్సెమ్మెస్‌లు చదివే పనేముంది? ఓటీపీల కోసమే. ‘రిక్వెస్ట్ ఇన్‌స్టాల్ ప్యాకేజెస్’ (వేరే యాప్‌లను ఇన్‌స్టాల్ చేయించే పర్మిషన్) కూడా ఉంటే ఇంకా అనుమానించాలి. పైది డొల్ల, అసలు దొంగ అసెట్స్ ఫోల్డర్‌లో ఇంకో ఏపీకేగా దాక్కుని ఉండొచ్చు. మా చిన్నాయనకు వచ్చింది అదే రకం. లోపలిదాన్ని బయటికి తీసి మళ్లీ స్కాన్ చేయాలి. కోడ్ చదివే ఓపిక ఉంటే, ఏపీకేను చదవగలిగే కోడ్‌గా మార్చే జాడెక్స్ (jadx) ఉంది.

ల్యాప్‌టాప్ లేకపోతే, ఫైల్‌ను చాలా యాంటీవైరస్‌లతో పరీక్షించే వైరస్‌టోటల్ సైట్ చాలు. కానీ మీ ఆఫీసు యాప్‌లు అందులో వేయకండి, ఆ ఫైల్ బయటివాళ్ల చేతికీ వెళ్తుంది.

ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఇవన్నీ తర్వాత, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.