వింత పిలక కోసం కట్టిన కాక్టస్ అంటు: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేయాలి

డ్రాగన్ ఫ్రూట్ కాడ మీద మూన్ కాక్టస్‌ను, అంటే ఆ గుండ్రటి రంగు కాక్టస్‌ను, అంటు కట్టడం వచ్చిన వాళ్ళ కోసం రాస్తున్నాను. బ్లేడు పట్టడం, రబ్బరు బ్యాండు వేయడం మళ్ళీ చెప్పను. అంటు అతికాక అతుకు దగ్గర కోసి, రెండు మొక్కల కణాలూ కలిసిన పిలకను రప్పించాలని చాలామంది నెలల తరబడి కష్టపడుతున్నారు. అలాంటి పిలకను కైమెరా అంటారు. ఇది రాకపోవడానికి ఎక్కువసార్లు నాకు కనిపించిన కారణం ఒక్కటే, అతుకు దగ్గర కాడలో మిగిలిపోయిన కన్ను. దాన్ని అతుకు వేసే రోజే కనిపెట్టవచ్చు.

ఒక మాట ముందే చెప్పాలి. అంటు కట్టినంత మాత్రాన మొక్క జన్యువులు మారవు. కైమెరాలో రెండు మొక్కల కణాలు పక్కపక్కన కలిసి ఒకే పిలకగా పెరుగుతాయి, అంతే. 1907లో జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు హాన్స్ వింక్లర్ కామంచి, టమాటా మొక్కలను అంటు కట్టి, అతుకు మీదుగా అడ్డంగా కోసి చూశాడు. ఆ గాయంలోంచి ఒక పక్క కామంచి, ఇంకో పక్క టమాటా అయిన కొమ్మ పుట్టింది. కైమెరా అనే పేరు దానికి ఆయన పెట్టిందే. కాక్టస్‌లోనూ మనం చేసేది అదే పని.

బ్యాండు తీయగానే పైముక్క ఊడి వస్తోంది

కింద ఉన్న మొక్క ఏదో ముందు చూడండి. మన ఊళ్ళలో కంచెల్లో ఉండేవన్నీ జెముళ్ళే అంటాం. కానీ నాగజెముడు కాక్టస్, బొమ్మజెముడూ ఆకుజెముడూ కావు. అవి యుఫోర్బియా జాతివి, వాటి మీద కాక్టస్ ఎన్నటికీ అతకదు. కాడను కాస్త గీరితే తెల్లటి పాలు వచ్చాయంటే అది పనికిరాదు. ఆ పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం, చేతులు కడుక్కోకుండా ముఖం ముట్టుకోవద్దు. ఈ పరీక్షకు పది సెకన్లు చాలు. అయినా ఎంతమందికి చెప్పినా దీన్ని దాటేసి, పది రోజుల తర్వాత ఊడిన ముక్క ఫోటో పంపుతారు.

కాక్టస్ మీదే కట్టినా ఊడితే, కోసిన ముఖం ఆరిపోయి ఉంటుంది. మధ్యలోని మెత్తటి భాగం ఆరే కొద్దీ లోపలికి కుంగుతుంది, అంచు చర్మం అలాగే నిలబడి పైముక్కను ఎత్తేస్తుంది. అందుకే కాడ అంచులను వాలుగా చెక్కాలి, పైముక్క సిద్ధమయ్యే వరకు కాడ మీద ఒక పలుచని బిళ్ళను కోసి అలాగే మూతలా ఉంచాలి. పెట్టే క్షణంలో ఆ బిళ్ళ తీసేయండి.

అతికింది, పచ్చగానే ఉంది, కానీ నెలలైనా పెరగదు

కోసిన ముఖం మధ్యలో కనిపించే రింగులు తగల్లేదు. నీళ్ళూ ఆహారమూ నడిచేది ఆ రింగుల గుండానే. కాడ రింగు పెద్దదై, పైముక్క రింగు చిన్నదై, రెండింటినీ సరిగ్గా మధ్యలో పెడితే చిన్న రింగు పెద్దదాని లోపల ఏమీ తగలకుండా కూర్చుంటుంది. పైముక్కను కొంచెం పక్కకు జరిపి రింగులు ఒక్కచోటైనా ఒకదాన్నొకటి దాటేలా పెట్టండి. చూడటానికి బాగోదు, కానీ పని చేస్తుంది. ఇప్పటికే కట్టేసి ఉంటే ఇంకా ఎదురుచూడకుండా కొత్తగా కోసి మళ్ళీ కట్టండి. పైముక్క తన ఒంట్లో దాచుకున్న నీళ్ళతో చాలాకాలం పచ్చగా కనిపిస్తుంది, ఆ పచ్చదనాన్ని నమ్మవద్దు.

అతుకు దగ్గర కోశాను, పిలక వచ్చింది, కానీ అది మామూలు డ్రాగన్ ఫ్రూట్

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. ఒకసారి ఐదు నెలలు పెంచాను. పిలక సరిగ్గా అతుకు గీత మీదే వచ్చింది, లేతగా, గుండ్రంగా, సన్నటి నూగు ముళ్ళతో. కాడలా మూడు పలకలుగా లేదు, పైముక్కలానూ లేదు. కైమెరానే అని నమ్మి ఇంట్లో వాళ్ళందరికీ చూపించాను, అతుకు దగ్గర వచ్చిన మిగతా చిన్న ఉబ్బులన్నీ గిల్లేశాను. జానెడు పెరిగాక మూడు పలకలు తేరాయి. డ్రాగన్ ఫ్రూట్ లేత పిలక మొదట్లో అలాగే ఉంటుందని అప్పుడు నాకు తెలియదు. నేను గిల్లేసిన వాటిలో నిజమైనది ఉందో లేదో ఇప్పటికీ బాధే.

అది ఎలా జరిగిందంటే, ముళ్ళ గుత్తి ఉన్న ప్రతి చోటా ఒక కన్ను ఉంటుంది, చెరకు గణుపు దగ్గర ఉండేలాంటిదే. డ్రాగన్ ఫ్రూట్ కాడకు ఈ కళ్ళు పలకల అంచున కొన్ని సెంటీమీటర్లకు ఒకటి చొప్పున ఉంటాయి. మూడు పలకల మీద ఒకే ఎత్తులో ఉండవు. మనం కోసేటప్పుడు మన వైపు ఉన్న పలకనే చూస్తాం, అక్కడ రెండు కళ్ళ మధ్య శుభ్రంగా కోశామనుకుంటాం. వెనక పలకలో బ్లేడు సరిగ్గా కన్ను మీదుగా పోయి ఉంటుంది. అంచు వాలుగా చెక్కినప్పుడు ముళ్ళు పోతాయి, కన్ను సగం లోపలే మిగిలిపోతుంది. దాని మీద కాలస్, అంటే గాయం మానేటప్పుడు పెరిగే కణాల ముద్ద, కప్పేస్తుంది. మనం మర్చిపోయాక అది అతుకు గీత మీద లేస్తుంది. గాయంలోంచి కొత్తగా పుట్టాల్సిన మొగ్గ కన్నా, ముందే తయారై ఉన్న కన్ను త్వరగా లేస్తుంది. కాడలోని బలమంతా దానికే పోతుంది, అతుకులోని కాలస్ నిద్రపోతుంది.

అందుకే కోసే ముందు కాడను చేతిలో తిప్పి మూడు పలకలూ చూడండి. ఏ కన్నూ తగలని ఎత్తు దొరక్కపోతే ఇంకొక కాడ తీసుకోండి. డ్రాగన్ ఫ్రూట్ తోటల్లో కత్తిరించి పడేసిన కాడలు ఊరికే దొరుకుతాయి, దీనికి ఖర్చు లేదు. కోశాక పైన రెండు అంగుళాల మేర మూడు పలకల అంచులనూ ఒక పట్టీలా చెక్కేయండి. ముళ్ళు గీరితే సరిపోదు, కన్ను చర్మం కింద ఉంటుంది. లేత తెల్లటి చుక్క పూర్తిగా పోయే వరకు, సుమారు 4-5 మిల్లీమీటర్లు లోతుగా తీయాలి.

రెండు మూడు నెలలకు అంటు గట్టిపడ్డాక, అతుకుకు కాస్త పైన కోసి పైముక్కలో 1-2 మిల్లీమీటర్ల బిళ్ళ మాత్రమే ఉంచండి. ఆ బిళ్ళ మీదా కళ్ళు మిగలకూడదు. లేకపోతే మామూలు మూన్ కాక్టస్ పిలకే వస్తుంది.

పిలక ఇప్పటికే వచ్చేసిందా? అది ఎక్కడినుంచి లేచిందో చూడండి. పలక అంచు మీదైతే నూటికి నూరుపాళ్ళు కాడదే అనుకుని, చిన్నగా ఉన్నప్పుడే తిప్పి పీకి, మొదలును కత్తి మొనతో తోడేయండి. అతుకును మాత్రం మళ్ళీ కోయవద్దు, కాలస్ అక్కడే ఉంది. రెండు పలకల మధ్య పల్లంలో అతుకు గీత మీద లేచినదాన్ని ముట్టుకోకండి, దాన్ని మూడంగుళాలు పెరగనివ్వండి. పైముక్కగా ఎర్ర మూన్ కాక్టస్‌నే ఎంచుకోమని నేను చెప్పేది ఇందుకే. పచ్చదనం లేని దాని రంగు పిలకలో చారగానో మచ్చగానో కనిపిస్తే, కలిసిందని కంటితోనే తెలుస్తుంది. ఇప్పుడు దొరికే ఎర్ర మూన్ కాక్టస్‌కు మూలం 1941లో జపాన్‌లో ఎయిజి వాతనాబే నారుమడిలో పుట్టిన ఎర్ర మొలకలు. వాటిని అంటు కట్టడం వల్లే బతికాయి. ఆహారమంతా కింది కాడే వండిపెట్టాలి కాబట్టి, కాడ కనీసం 10 సెంటీమీటర్లు పచ్చగా ఉండాలి.

క్రెస్ట్ ముక్క కట్టాను, మామూలు తల వచ్చేసింది

క్రెస్ట్ అంటే మొన గుండ్రంగా కాక వెడల్పుగా పెరిగిన కాక్టస్. అంటు వల్ల క్రెస్ట్ పుట్టదు, ఉన్న క్రెస్ట్ వేగంగా పెరుగుతుంది. మన కోడిజుట్టు పూలలో మొన అడ్డంగా సాగి వెడల్పయినట్టే ఇక్కడా జరుగుతుంది. మధ్యలో మామూలు గుండ్రటి తల లేస్తే కనిపించిన రోజే తీసేయండి. వదిలితే అది క్రెస్ట్‌ను మింగేస్తుంది.

అతుకు నల్లబడుతోంది

వానాకాలంలో కట్టారు, లేదా కోత మీద నీళ్ళు పడ్డాయి. బ్లేడును స్పిరిట్‌తో తుడిచి, నల్లదనం పోయే వరకు కోసి, పొడి రోజున మళ్ళీ కట్టండి. వైరస్, మందుల దోషం, నేల ఉప్పదనం అంటూ వెతకడం మొదలుపెట్టవద్దు, అవి నాకు చాలా అరుదుగా ఎదురయ్యాయి.

అన్నీ సరిగ్గా చేసినా ఆరు నెలల్లో ఏమీ రాకపోతే, కాలస్ పైపొరను పల్చగా ఒక్కసారి గీరి, నేరుగా ఎండ తగలని వెచ్చని చోట పెట్టండి. వారానికొకసారి పలకల అంచులను మళ్ళీ చూడండి.