అమెరికాలో చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీని ఎంచుకోవడం ఎలా? డిగ్రీ అయ్యాక ఏమిటి?

మా అమ్మాయిని లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో చేర్చామని చెబితే మా పెదనాన్న ‘అమెరికా దాకా వెళ్లి బొమ్మలు గీయడం నేర్చుకోవాలా?’ అన్నారు. అమ్మాయి చదివింది మ్యాథ్స్. ఆ తర్వాత బంధువుల పిల్లలు, మా అపార్ట్‌మెంట్ పిల్లలు కలిపి ఓ ఇరవై మందికి ఈ దరఖాస్తుల్లో సాయం చేశాను. ఏటా అవే తప్పులు చూసి విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

ఇవి ప్రధానంగా డిగ్రీ పిల్లల కోసమే నడిచే కాలేజీలు. మొత్తం విద్యార్థులు పదిహేను వందల నుంచి రెండున్నర వేల దాకా ఉంటారు. ఫిజిక్స్, ఎకనామిక్స్, కంప్యూటర్ సైన్స్, చరిత్ర అన్నీ ఉంటాయి. పీజీ విద్యార్థులు దాదాపు ఉండరు కాబట్టి ల్యాబులో ప్రొఫెసర్ పక్కన నిలబడేది డిగ్రీ పిల్లలే. ఇంటెల్‌ను స్థాపించిన ఇద్దరిలో ఒకరైన రాబర్ట్ నోయ్స్ 1949లో అయోవాలోని గ్రినెల్ కాలేజీలో డిగ్రీ పూర్తి చేశాడు. 2020లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్న జెన్నిఫర్ డౌడ్నా 1985లో పొమోనా కాలేజీలో చదువు ముగించింది. పెదనాన్నలకి ఈ రెండు పేర్లు చెబితే చాలు.

మొదటి మెట్టు: కాగితాలు

పాస్‌పోర్టు, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా మార్కుల మెమోలు, ఇంగ్లీషు పరీక్ష స్కోరు, చాలా కాలేజీలకి ఒకేచోట దరఖాస్తు పెట్టే వెబ్‌సైట్ కామన్ యాప్‌లో ఒక ఖాతా. శాట్ అనే ప్రవేశ పరీక్ష చాలా చోట్ల తప్పనిసరి కాదు. అయినా రాయించండి. మన ఇంటర్ మార్కులు వాళ్లకి సరిగ్గా అర్థం కావు, శాట్ అర్థమవుతుంది.

లెక్చరర్ల సిఫారసు లేఖలు రెండు కావాలి. సెక్షన్‌కి ఎనభై మందిని కూర్చోబెట్టే జూనియర్ కాలేజీలో మీవాడి పేరైనా లెక్చరర్‌కి గుర్తుండదు. అందుకే ఫస్టియర్‌లోనే ఇద్దరు లెక్చరర్లని పట్టుకుని, క్లాసు అయ్యాక డౌట్లు అడుగుతూ ఉండమని పిల్లలకి చెప్పండి. వ్యాసం మాత్రం పిల్లలే రాయాలి. మీరు ముట్టుకోవద్దు.

రెండో మెట్టు: జాబితా

తొమ్మిది కాలేజీలు. ఎనిమిది తక్కువ, పది ఎక్కువ. అమ్మాయి అయితే స్మిత్, మౌంట్ హోల్యోక్, బ్రిన్ మార్ లాంటి మహిళా కాలేజీ ఒకటైనా ఉండాలి. ‘మళ్లీ గర్ల్స్ కాలేజీనా?’ అని మొహం చిట్లిస్తారు. చిట్లించనివ్వండి.

ర్యాంకు చూసి జాబితా వేయొద్దు. కాలేజీ పోగేసుకున్న నిధి (ఎండోమెంట్) ఎంతో చూడండి. చిన్న కాలేజీలు మూతపడతాయి కూడా. వెర్మాంట్‌లోని గ్రీన్ మౌంటెన్ కాలేజీ 2019లో, న్యూయార్క్ రాష్ట్రంలోని వెల్స్ కాలేజీ 2024లో మూతపడ్డాయి. అదే గ్రినెల్ ఉన్నది మొక్కజొన్న చేల మధ్యే అయినా నిధి రెండు వందల కోట్ల డాలర్లు దాటింది. ఆ తర్వాత మీవాడి సబ్జెక్టు డిపార్ట్‌మెంట్‌లో ఎంతమంది ప్రొఫెసర్లు ఉన్నారో లెక్కపెట్టండి. ముగ్గురే ఉండి, అందులో ఒకరు ఏడాది సెలవులో ఉంటే కావాల్సిన కోర్సు దొరకదు. చలి గురించి మాత్రం అతిగా ఆలోచించకండి. చలికి కోటు దొరుకుతుంది.

మన కన్సల్టెన్సీల్లో చాలామంది ఈ కాలేజీల పేరే ఎత్తరు. విద్యార్థిని చేరిస్తే కమీషన్ ఇచ్చే యూనివర్సిటీలు వేరే ఉన్నాయి, వీళ్లు చూపించే లిస్టు అదే. విజయవాడలో ఒక కన్సల్టెన్సీ అతను నాతో ‘అలాంటివి స్కోప్ లేని కాలేజీలు మేడమ్’ అన్నాడు. అతని వెనక గోడ మీద నేను పేరు విన్న యూనివర్సిటీ ఒక్కటీ లేదు.

మూడో మెట్టు: డబ్బు

ఇక్కడ నెమ్మదిగా చదవండి. నేను చూసిన దరఖాస్తుల్లో పాడైనవన్నీ ఇక్కడే పాడయ్యాయి.

పేరున్న కాలేజీల్లో ఫీజు, హాస్టల్, భోజనం కలిపి ఏడాదికి 80 వేల డాలర్లు దాటుతుంది. అది చూసి సగం మంది అక్కడే ఆగిపోతారు. నిజానికి చాలామంది అంత కట్టరు. కుటుంబం ఎంత కట్టగలదో కాలేజీ లెక్కగట్టి, మిగతాది ఎయిడ్‌గా, అంటే ఆర్థిక సాయంగా ఇస్తుంది. ఖర్చు 85 వేలు, మీరు కట్టగలిగేది 20 వేలని తేలితే మిగతా 65 వేలు మీ ‘నీడ్’. అన్ని కాలేజీలూ ఈ నీడ్‌ని ఒకేలా చూడవు.

ఆమ్‌హర్స్ట్, బౌడన్ లాంటి అతి కొద్ది కాలేజీలు విదేశీ విద్యార్థుల విషయంలో కూడా డబ్బు సంగతి చూడకుండా సీటు నిర్ణయిస్తాయి, ఆ తర్వాత నీడ్ మొత్తం ఇస్తాయి. విలియమ్స్, స్వార్త్‌మోర్, మెకాలెస్టర్ వరుసలోవి సీటు ఇస్తే నీడ్ పూర్తిగా తీరుస్తాయి. కానీ సీటు ఇవ్వాలా వద్దా అని ఆలోచించేటప్పుడే మీరెంత అడుగుతున్నారో చూస్తాయి. మిగతావి ఎక్కువగా ఒక మెరిట్ స్కాలర్‌షిప్ ఇచ్చి చేతులు దులుపుకుంటాయి, బాకీ మొత్తం మీదే. ఏ కాలేజీ ఏ రకమో, అదీ విదేశీ విద్యార్థుల పేజీలో, మీరే చదివి రాసుకోవాలి. అమెరికా పిల్లల గురించి రాసిన పేజీ చదివి సంబరపడే తల్లిదండ్రులను ఏటా చూస్తున్నాను. వెబ్‌సైట్లలో మీకెంత ఖర్చవుతుందో అంచనా చెప్పే నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ కూడా ఎక్కువగా అమెరికా పౌరుల కోసమే. అందులో వచ్చిన అంకె మీది కాదు.

అసలు అంకె కావాలంటే ‘కామన్ డేటా సెట్’ అనే పత్రం వెతకండి. చాలా కాలేజీలు ఏటా బయటపెడతాయి. అందులో హెచ్6 అనే చోట ఎంతమంది విదేశీ విద్యార్థులకి ఎయిడ్ ఇచ్చారో, సగటున ఎంత ఇచ్చారో ఉంటుంది. పది నిమిషాల పని. ఏ కన్సల్టెన్సీ చెప్పదు.

ఇక పెద్ద తప్పు. ‘ఎయిడ్ అడిగితే సీటు రాదట, ముందు వద్దని టిక్ పెట్టేద్దాం, చేరాక అడుగుదాం’ అనుకోవడం. మా పెద్దమ్మ మనవడి విషయంలో వాళ్ల నాన్న నాకు చెప్పకుండా ఇదే చేశాడు. సీటు వచ్చింది, స్వీట్లు పంచారు. ఎయిడ్ కోసం మెయిల్ పెడితే, దరఖాస్తులో అడగని విదేశీ విద్యార్థికి నాలుగేళ్లూ ఇవ్వబోమని జవాబొచ్చింది. చాలా కాలేజీల నియమం ఇదే. సీటు వదులుకుని ఆ అబ్బాయి ఇక్కడే బీటెక్‌లో చేరాడు. డబ్బు అవసరమైతే మొదటి రోజే అడగాలి. సీటు రాకపోతే రాలేదు. వచ్చాక వదులుకోవడం ఆ పిల్లవాడికి ఎంత నరకమో నేను దగ్గరుండి చూశాను.

రెండో తప్పు ఆస్తులు రాయడంలో. ఎయిడ్ కోసం నింపే సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే ఫారంలో జీతం, ఇల్లు, స్థలాలు, పొలం, వ్యాపారం అన్నీ అడుగుతారు. కొందరు ఊళ్లో పొలం దాచేస్తారు. ఇంకొందరు తాతగారి పేరు మీదున్న నాలుగెకరాలు కూడా గొప్పకి కలిపేస్తారు. రెండూ వద్దు. మీ పేరున ఉన్నదే రాయండి. రాసేది రిజిస్ట్రేషన్ విలువ కాదు, ఇవాళ అమ్మితే వచ్చే విలువ. అన్నదమ్ముల మధ్య పంపకాలు కాని ఆస్తి ఉంటే మీ వాటా ఎంతో, అది ఎందుకు అమ్మలేరో ఫారం చివరి పెట్టెలో నాలుగు వాక్యాల్లో చెప్పండి. దాస్తే ఎక్కడ దొరికిపోతారో తెలుసా? సీటు వచ్చాక ఐ-20 (వీసాకి కావాల్సిన కాలేజీ పత్రం) కోసం బ్యాంకు స్టేట్‌మెంట్లు పంపాలి. ఫారంలో లేని ముప్పై లక్షలు అప్పుడు ప్రత్యక్షమైతే కాలేజీ ఎయిడ్ వెనక్కి తీసుకుంటుంది.

మూడోది, ఒక్క ఏడాదికే లెక్క వేయడం. ఫీజు ఏటా పెరుగుతుంది. డాలరు 2015లో 65 రూపాయల దగ్గర ఉండేది, 2025లో 85 దాటింది. నాలుగేళ్ల లెక్క ఒక కాగితం మీద వేసి, పైన విమాన టికెట్లు, ఇన్సూరెన్స్ కలిపి, భార్యాభర్తలిద్దరూ సంతకం పెట్టి బీరువాలో పెట్టండి. సంతకం ఎందుకని నవ్వకండి. డిసెంబరులో గొడవపడకుండా ఉండటానికి.

ఈ కాగితం చేతిలో ఉంటేనే ‘అర్లీ డెసిషన్’ గురించి ఆలోచించండి. నవంబరులో ఒక్క కాలేజీకే పెట్టాలి, సీటు వస్తే అక్కడే చేరతామని విద్యార్థి, తల్లిదండ్రి, స్కూలు కౌన్సెలర్ ముగ్గురూ సంతకం చేయాలి. ఎయిడ్ నిజంగా చాలకపోతే బయటపడొచ్చు. కానీ మిగతా కాలేజీలు ఎంతిచ్చేవో పోల్చి చూసే అవకాశం పోతుంది. నా మాట వింటే, నీడ్ పూర్తిగా తీర్చే కాలేజీకి తప్ప అర్లీ పెట్టొద్దు. లేదంటే జనవరిలో రెగ్యులర్‌గా పెట్టి, మార్చి చివర్లో వచ్చే జవాబులన్నీ ముందేసుకుని మే 1 లోపు తేల్చుకోండి.

నాలుగో మెట్టు: డిగ్రీ తర్వాత

‘ప్లేస్‌మెంట్ ఎంత, ప్యాకేజీ ఎంత’ అని ఈ కాలేజీలను అడిగితే వాళ్లకి ప్రశ్నే అర్థం కాదు. మన బీటెక్ కాలేజీల్లాగా కంపెనీలు వరసగా వచ్చి ఎత్తుకుపోవు. పూర్వ విద్యార్థులకి మెయిల్ పెట్టి, పది నిమిషాలు ఫోన్‌లో మాట్లాడి, ఇంటర్న్‌షిప్ సంపాదించుకోవాలి. మన పిల్లలకి మొహమాటం. ఫస్టియర్‌లోనే పోగొట్టుకోవాలి.

చేరకముందే డిపార్ట్‌మెంట్‌కి మెయిల్ పెట్టి, గత ఐదేళ్లలో ఆ సబ్జెక్టు చేసిన విదేశీ విద్యార్థులు ఇప్పుడెక్కడున్నారో అడగండి. జవాబు రాకపోతే అదీ జవాబే. పీహెచ్‌డీ ఆలోచన ఉంటే ఈ కాలేజీలే మేలు. విద్యార్థుల సంఖ్యతో పోల్చి చూస్తే స్వార్త్‌మోర్, కార్ల్‌టన్, రీడ్, గ్రినెల్ నుంచి పీహెచ్‌డీ దాకా వెళ్లేవాళ్లు చాలా ఎక్కువ.

ఉద్యోగమైతే వీసా లెక్క చూసుకోవాలి. డిగ్రీ తర్వాత ఓపీటీ అనే తాత్కాలిక పని అనుమతి కింద 12 నెలలు పనిచేయొచ్చు. సబ్జెక్టు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) జాబితాలో ఉంటే మరో 24 నెలలు, అదీ ఉద్యోగుల పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ ఈ-వెరిఫైలో ఉన్న కంపెనీలో అయితేనే. ఒకే ఎకనామిక్స్ ఒక కాలేజీలో మామూలు కోడ్ (సబ్జెక్టుకి ప్రభుత్వం ఇచ్చే నంబరు) కింద, ఇంకో కాలేజీలో 45.0603 అనే కోడ్ కింద ఉంటుంది. రెండోది స్టెమ్. పేరు ఒకటే, రెండేళ్లు తేడా. ఇక హెచ్‌1బీ అనే ఉద్యోగ వీసా లాటరీలో ఏటా 65 వేల వీసాలకి తోడు 20 వేలు అమెరికా మాస్టర్స్ వాళ్లకే కేటాయించారు. బీఏ పిల్లలకి ఆ రెండో చాన్స్ లేదు. అందుకే చాలామంది ఓ రెండేళ్లు పనిచేసి మాస్టర్స్‌కి వెళతారు. నియమాలు మారుతూ ఉంటాయి కాబట్టి సీనియర్లని కాదు, కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసును అడగండి.

ఓపీటీ దరఖాస్తు చదువు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచే పెట్టొచ్చు. మొదటి వారంలోనే పెట్టించండి. పని అనుమతి కార్డు పోస్టులో వస్తుంది, ఆలస్యమైతే అప్పటికి హాస్టల్ గది ఖాళీ చేసేసి ఉంటారు. మా అమ్మాయి కార్డు తాళం వేసిన హాస్టల్ మెయిల్‌బాక్సులో పదకొండు రోజులు ఉండిపోయింది. అక్కడే ఉండే ప్రొఫెసర్‌నో, ఊళ్లో స్థిరపడ్డ కుటుంబాన్నో అడిగి వాళ్ల అడ్రస్ ఇవ్వండి.