లేగా, పెయ్యా, కోడా? జాతరలో పశువు ఈడును గుర్తుపట్టడం ఎలా?

దొడ్డబళ్ళాపురం దగ్గర ఘాటి సుబ్రహ్మణ్య క్షేత్రంలో ఏటా జరిగే పశువుల జాతరకు బెంగళూరు నుంచి సరదాగా వెళ్ళే తెలుగువారు కనబడిన ప్రతి పశువునూ ఆవు అనో, ఎద్దు అనో పిలిచి ఊరుకుంటారు. ఆ పక్కనే నిలబడిన రైతు అదే పశువును రెండు పళ్ళ కోడె అనో, మలిచూలు ఆవు అనో అంటాడు. ఆ ఒక్క మాటలో పశువు ఆడో మగో, వయసెంతో, ఏ పనికి వస్తుందో అన్నీ ఇమిడి ఉంటాయి. ఈ పేర్లు పుట్టిన తేదీని బట్టి వచ్చినవి కావు. నోటిలోని పళ్ళు, పొదుగు, మెడమీది కాడి చూసి పెట్టినవి. కాబట్టి వాటిని బట్టీపట్టడం కంటే, పశువును ఏ వరుసలో చూడాలో నేర్చుకోవడం మేలు.

మొదట పశువు తల్లి దగ్గర పాలు తాగుతున్నదో లేదో గమనించండి. తల్లిని విడవని పసిదాన్ని లేగ, లేగదూడ అంటారు. కొంత పెరిగిన తరువాత మగదైతే కోడెదూడ, ఆడదైతే పెయ్యదూడ అవుతుంది. గేదెల విషయంలో మాటలు మారతాయి. ఈడుకు వచ్చి ఇంకా ఈనని ఆడదాన్ని పడ్డ అంటారు, ఎదిగిన మగదాన్ని దున్నపోతు అంటారు. గేదెనే తెలంగాణలో బర్రె అనీ, రాయలసీమలో ఎనుము అనీ పిలుస్తారు.

పెరిగిన మగ పశువు అయితే వెనుక నుంచి చూడాలి. వృషణాలు చెక్కుచెదరకుండా ఉన్న పడుచు పశువు కోడె లేదా గిత్త. విత్తులు నొక్కించి కాడికి అలవాటు చేసినది ఎద్దు. సంతానం కోసమే విడిచిపెట్టినది ఆంబోతు. మొదటిసారి జాతరకు వెళ్ళినప్పుడు నేను ఒక హళ్ళికార్ జాతి కోడెను ఎద్దు అన్నాను. దాని యజమాని నొచ్చుకున్న తీరు చూశాక ఈ తేడాను మళ్ళీ మరచిపోలేదు. దేవుడి పేరిట అచ్చువేసి ఊరి మీదికి వదిలిన ఆంబోతును ఎవరూ కట్టేయరు, కొట్టరు. పనీపాటా లేకుండా తిరిగేవాణ్ణి అచ్చోసిన ఆంబోతు అని తిట్టడం అందుకే వచ్చింది. అలా వదిలిన దాన్ని కన్నడంలో బసవ అంటారు. బెంగళూరు బసవనగుడికి పేరు తెచ్చిన పెద్ద నంది విగ్రహం పేరూ అదే.

అసలైన పరీక్ష నోటి దగ్గర జరుగుతుంది. యజమాని అనుమతి తీసుకుని, పశువుకు ఎదురుగా కాకుండా పక్కన నిలబడి, ఒక చేత్తో ముక్కు పట్టుకుని, రెండో చేత్తో కింది పెదవిని మెల్లగా దించండి. పై దవడ ముందుభాగంలో పళ్ళు ఉండవు, గట్టి చిగురు మాత్రమే ఉంటుంది. అది చూసి పళ్ళు రాలిపోయాయని కంగారుపడనక్కరలేదు. కింది దవడలో ఎనిమిది ముందుపళ్ళు ఉంటాయి. అవన్నీ చిన్నవిగా, సన్నగా, తెల్లగా ఉంటే అవి పాలపళ్ళు. పశువుకు సాధారణంగా రెండేళ్ళు నిండలేదని అర్థం. మధ్యనున్న జత రాలి, వెడల్పైన శాశ్వతపు పళ్ళు రెండు వస్తే రెండు పళ్ళ పశువు అంటారు. వయసు రెండు, రెండున్నర ఏళ్ళ మధ్య ఉంటుంది. నాలుగు పళ్ళంటే సుమారు మూడేళ్ళు, ఆరు పళ్ళంటే నాలుగుకు అటూఇటూ, ఎనిమిదీ కలిస్తే అయిదు దగ్గర పడినట్టు. సంకరజాతి పశువులలో ఇవి కొన్ని నెలలు ముందుగానూ, గేదెలలో కొంత ఆలస్యంగానూ వస్తాయి. ఎనిమిది పళ్ళూ వచ్చాక లెక్క ఆగిపోతుంది. ఆపైన అరుగుదలనూ, పళ్ళ మధ్య సందులనూ చూసి అంచనా కట్టాల్సిందే. ఆంధ్రలో ఎడ్ల బండలాగుడు పోటీలను పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళ విభాగం అంటూ ఈ లెక్కతోనే విడదీస్తారు.

కొమ్ముల మీది వలయాలకు రెండు కలిపితే వయసు వస్తుందని చెబుతారు. ఆ లెక్క ఉజ్జాయింపు మాత్రమే, పైగా అమ్మేవారు జాతరకు ముందు కొమ్ములను గీకి, నూనె రాసి, రంగు వేస్తారు కనుక నేను దాన్ని నమ్మను.

ఆడ పశువుకు పళ్ళతో పాటు ఈతలు, అంటే ఎన్నిసార్లు ఈనిందో అడగాలి. ఎదకు వచ్చినా ఇంకా ఈననిది పెయ్య. చూలు నిలిస్తే చూడిది. మొదటిసారి ఈనినది తొలిచూలు ఆవు, ఆ తరువాతిది మలిచూలు. ఆవు తొమ్మిది నెలల తొమ్మిది రోజులు, గేదె పది నెలల పది రోజులు మోస్తాయని రైతులు చెప్పే లెక్క వైద్యుల లెక్కకు దగ్గరగానే ఉంటుంది. పాలు ఆగిపోయిన దాన్ని వట్టిపోయింది అంటారు. ఈ మాట దగ్గరే కొత్తవారు మోసపోతారు. వట్టిపోయిన ఆవు మళ్ళీ ఈనవచ్చు, పైగా కడుపుతో ఉన్న ఆవుకు ఈనడానికి రెండు నెలల ముందు పాలు పిండటం మాన్పించడం మంచి పద్ధతి కూడా. గొడ్డుటావు మాత్రం ఎన్నటికీ ఈనదు. చూడిది అని చెప్పి అమ్ముతుంటే పశువైద్యుడి చేత పరీక్ష చేయించాకే డబ్బు ఇవ్వండి. కోడెదూడతో కవలగా పుట్టిన పెయ్య చాలావరకు గొడ్డుపోతుంది కనుక, ఆ సంగతి కూడా అడగడం మంచిది.

బరువును బట్టి పెట్టిన పేర్లు తెలుగులో దాదాపు లేవు, అందుకు కారణమూ ఉంది. చిత్తూరు ప్రాంతపు పుంగనూరు ఆవు ఎన్ని ఈతలు ఈనినా 115 నుంచి 200 కిలోల లోపే ఉంటుంది. సంకరజాతి పెయ్య 250 కిలోలకు చేరాక గానీ దానికి చూలు కోసం సూది (కృత్రిమ గర్భధారణ) వేయించరు. అయినా మందు మోతాదుకూ, పెయ్యను కట్టించే సమయం తేల్చడానికీ బరువు కావాలి. దానికి కొలత టేపు చాలు. ముందుకాళ్ళ వెనుకగా ఛాతీ చుట్టుకొలతను, భుజపు మొన నుంచి తోక పక్కనున్న పిరుదు ఎముక వరకు పొడవును సెంటీమీటర్లలో కొలవండి. చుట్టుకొలతను దానితోనే హెచ్చించి, పొడవుతో మళ్ళీ హెచ్చించి, 10,840తో భాగించండి. చుట్టుకొలత 160, పొడవు 130 అయితే సుమారు 307 కిలోలు వస్తుంది. నిండు చూడి పశువుకు ఈ లెక్క సరిపోదు.

ఘాటిలో ఈ పేర్లను కన్నడంలో వినాల్సి వస్తుంది, అయితే చింతామణి, బాగేపల్లి వైపు నుంచి వచ్చిన రైతులు తెలుగులోనే బదులిస్తారు. దూడ అక్కడ కరు, పెయ్య కడసు, కోడె హోరి, ఎద్దు ఎత్తు. పళ్ళ లెక్క హాలల్లు (పాలపళ్ళు), ఎరడల్లు (రెండు), నాల్కల్లు (నాలుగు), ఆరల్లు (ఆరు) అని సాగి, ఎనిమిదీ వచ్చాక బాయిగూడిద దగ్గర ఆగుతుంది. ఎడ్లను జతగానే అమ్ముతారు కనుక రెండింటి నోళ్ళూ తెరిపించి చూడండి. ఒకటి నాల్కల్లు, రెండోది బాయిగూడినది అయితే కాడి కింద ఆ జతకు ఈడూ జోడూ కుదరదు.