రసాయన నామాలు – 9వ పాఠం: టంగ్‌స్టేట్

ఈసారి మాలిబ్డినం అనే లోహం లవణాలైన మాలిబ్డేట్‌లకు వెళ్దామనుకున్నాను. కానీ గత పాఠం అభ్యాసంలో మూడో ప్రశ్నకు వచ్చిన జవాబులు చూశాక ఆగక తప్పలేదు. టంగ్‌స్టన్ అనే లోహం పరమాణువు ఒకదానికి మూడు ఆక్సిజన్ పరమాణువులున్న పసుపు పొడి పేరేమిటని అడిగాను. చాలామంది 'టంగ్‌స్టేట్' అని రాశారు. దాని పేరు టంగ్‌స్టన్ ట్రైఆక్సైడ్.

తప్పు ఎక్కడ పుట్టిందో తెలుసు. "చివర 'ఏట్' వినిపిస్తే లోపల ఆక్సిజన్ ఉందనుకోండి" అని గతసారి చెప్పాను. మీరు దాన్ని తిరగేసి, ఆక్సిజన్ కనిపించిన ప్రతిచోటా 'ఏట్' తగిలించారు. మామిడిచెట్టుకు ఆకులుంటాయి. ఆకులున్న ప్రతి చెట్టూ మామిడి కాదు. పైగా నేనిచ్చిన గుర్తు కూడా పూర్తిగా నిలవదు. థయోటంగ్‌స్టేట్‌లో ఆక్సిజన్ల స్థానంలో గంధకం ఉంటుంది, అయినా అది 'ఏట్'. కాబట్టి ఆ గుర్తును కొట్టేసి ఇది రాసుకోండి: టంగ్‌స్టేట్ అంటే టంగ్‌స్టన్ కేంద్రంగా ఉన్న రుణ అయాను (రుణావేశం ఉన్న కణం), లేదా ఆ అయాను ఉన్న లవణం.

ఇందులో 'రుణ అయాను' అన్న మాట కింద గీత గీయండి. ఆక్సీకరణ సంఖ్యను, అంటే సమ్మేళనంలో ఒక్కో పరమాణువుకు లెక్కకట్టే ఆవేశాన్ని, చూసి తేల్చుకుందామంటే ఇక్కడ కుదరదు. ట్రైఆక్సైడ్‌లో ఒక్కోదానికి మైనస్ 2 చొప్పున మూడు ఆక్సిజన్లకు కలిపి మైనస్ 6, మొత్తం ఆవేశం సున్నా, కాబట్టి టంగ్‌స్టన్‌కు ప్లస్ 6. మామూలు టంగ్‌స్టేట్ అయానులో నాలుగు ఆక్సిజన్లకు మైనస్ 8, మొత్తం ఆవేశం మైనస్ 2. ఇక్కడా టంగ్‌స్టన్‌కు ప్లస్ 6 వస్తుంది. రెండింటిలో సంఖ్య ఒకటే. తేడా అంతా మిగిలిన ఆవేశంలోనే ఉంది. ఆ మైనస్ 2 ఉంది కాబట్టే పక్కన రెండు సోడియం అయానులో, ఒక కాల్షియం అయానో వచ్చి నిలుస్తాయి. ట్రైఆక్సైడ్ పక్కన ఎవరూ నిలవనక్కరలేదు.

నాకైతే ఏ నిర్వచనం కన్నా ప్రయోగశాలలో జరిగేదే బాగా గుర్తుంటుంది. నీటిలో కరగని ఆ పసుపు పొడిని సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేసి వేడిచేస్తే కరిగిపోయి, రంగులేని ద్రావణం మిగులుతుంది. పొడిలో ఉన్నది ఆక్సైడ్, ద్రావణంలో ఉన్నది సోడియం టంగ్‌స్టేట్. ఆ వేడి ద్రావణంలో గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే పసుపు అవక్షేపం దిగుతుంది. అది టంగ్‌స్టిక్ ఆమ్లం. దాన్ని బాగా వేడిచేస్తే నీరు పోయి మళ్లీ ట్రైఆక్సైడే మిగులుతుంది. హైడ్రోజన్ వాయువులో ఇంకా వేడిచేస్తే లోహం వస్తుంది. బల్బులోని తీగ ఆ లోహమే. దాన్ని కూడా 'టంగ్‌స్టేట్ తీగ' అని రాసినవారున్నారు, దయచేసి దిద్దుకోండి. డ్రిల్లు మొనల మీద ఉండే టంగ్‌స్టన్ కార్బైడ్ కూడా టంగ్‌స్టేట్ కాదు.

ఖనిజాల పేర్లతో మరో చిక్కు. సల్ఫేట్ కన్నా సల్ఫైట్‌లో ఒక ఆక్సిజన్ తక్కువని నేర్చుకున్నారు కదా, వోల్ఫ్రమైట్ అనగానే ఒక ఆక్సిజన్ తగ్గిందనుకుంటారు. ఖనిజాల పేర్ల చివరి 'ఐట్'కు ఆక్సిజన్ల లెక్కతో సంబంధం లేదు. వోల్ఫ్రమైట్ అంటే ఇనుము, మాంగనీసుల టంగ్‌స్టేట్. షీలైట్ అంటే కాల్షియం టంగ్‌స్టేట్. ఈ రెండో ఖనిజాన్నే ఒకప్పుడు టంగ్‌స్టన్ అనేవారు, స్వీడిష్‌లో 'బరువైన రాయి' అని. 1781లో రసాయన శాస్త్రవేత్త కార్ల్ విల్‌హెల్మ్ షీలే దానిలోంచి టంగ్‌స్టిక్ ఆమ్లాన్ని వేరుచేశాడు. ఖనిజానికి ఆయన పేరు వచ్చింది, పాత పేరు లోహానికి దక్కింది. 1783లో స్పెయిన్‌లోని బెర్గారాలో ఎల్హుయార్ సోదరులు లోహాన్ని తీసింది మాత్రం వోల్ఫ్రమైట్ నుంచి. మూలకం సంకేతం డబ్ల్యు కావడానికి కారణం టంగ్‌స్టన్‌కున్న వోల్ఫ్రమ్ అన్న మరో పేరే. జర్మన్‌లో ఈ లవణాలను ఇప్పటికీ వోల్ఫ్రమాట్ అంటారు. వోల్ఫ్రమేట్, టంగ్‌స్టేట్ రెండూ ఒకటే. నేను రెండోదే వాడతాను, మీరూ ఒకదానికే కట్టుబడండి.

పారాటంగ్‌స్టేట్, మెటాటంగ్‌స్టేట్ అన్నవి ఆమ్లం కలిపేకొద్దీ అయానులు ఒకదానితో ఒకటి కూడి కట్టే పెద్ద గుంపులు. వాటి నిర్మాణం మరో పాఠంలో. లెక్క మాత్రం ఇప్పుడే చేయించాలి.

అభ్యాసం. 100 గ్రాముల సోడియం టంగ్‌స్టేట్ డైహైడ్రేట్ (ఒక్కో సోడియం టంగ్‌స్టేట్‌కు రెండు నీటి అణువులు కలిసినది) నుంచి ఎంత ట్రైఆక్సైడ్ వస్తుందో కట్టండి. పరమాణు భారాలు: టంగ్‌స్టన్ 183.84, సోడియం 22.99, ఆక్సిజన్ 16.00, హైడ్రోజన్ 1.008. జవాబు 70.3 గ్రాముల దగ్గర ఉండాలి. రెండోది కష్టమే, అయినా వదలకండి. అమ్మోనియం పారాటంగ్‌స్టేట్‌లోని రుణ అయానులో 12 టంగ్‌స్టన్, 42 ఆక్సిజన్, 2 హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి, ఆవేశం మైనస్ 10. టంగ్‌స్టన్ ఆక్సీకరణ సంఖ్య కనుక్కోండి. 6 కాక భిన్నం వచ్చిందంటే, ఆ రెండు హైడ్రోజన్లను లెక్కలో మరిచిపోయారేమో చూడండి.