కారప్పొడి లేబుల్‌కి చేతిరాత ఫాంట్ వెతికే ముందు

మా వదిన ఇంట్లోనే కారప్పొడులు చేసి అమ్మడం మొదలుపెట్టింది. కందిపొడి, కరివేపాకు పొడి, నల్లకారం, నువ్వుల పొడి. "పొడి పొట్లం" అని పేరు కూడా తనే పెట్టుకుంది. లేబుల్ దగ్గరికొచ్చేసరికి "చేత్తో రాసినట్టుండే ఫాంట్ ఏదైనా చూసిపెట్టు, ఇంట్లో చేసినవని చూడగానే తెలియాలి" అని నాకు అప్పజెప్పింది. ఫాంటే కదా, అరగంట పని అనుకున్నాను. మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో తెలిసినవి ఇక్కడ రాస్తున్నాను, మీకు మూడు రోజుల్లో తేలిపోవచ్చు.

ఇంగ్లీషులో చేతిరాత ఫాంట్లు కుప్పలు తెప్పలుగా ఉన్నాయి, తెలుగులో అంత లేవు. పెద్దవీ చిన్నవీ కలిపి 52 అక్షరాలు, అంకెలు, కాసిని గుర్తులు గీస్తే ఇంగ్లీషు ఫాంట్ అయిపోతుంది. మనకి అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు, ఒత్తు కింద మళ్లీ ఒత్తు, ఇవన్నీ ఒకే చెయ్యి రాసినట్టు రావాలి, అంటే వందల రూపాలు గీయాలి. అందుకే కొన్ని ఫాంట్లలో మామూలు మాటలు ముద్దుగా ఉంటాయి కానీ "స్ట్రాబెర్రీ" అని కొట్టగానే ఒత్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి.

కాబట్టి ఫాంట్ పక్కన పెట్టిన నమూనా చూసి మోజు పడకండి. మీ వ్యాపారం పేరు టైప్ చేసి చూడండి, దాంతోపాటు మీరు అమ్మే ప్రతి సరుకు పేరూ చూడండి. వెల్లుల్లి, నువ్వులు, సున్నుండలు, స్నాక్స్, స్వీట్స్. ఎక్కువ చిక్కు ఇంగ్లీషు మాటలతోనే. "హోమ్‌ఫుడ్స్" అని కలిపి కొడితే చాలాసార్లు మ కింద ఫ ఒత్తు వచ్చి కూర్చుంటుంది. మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తు పెడితే విడిపోతుంది. అదంతా ఎందుకనుకుంటే రెండు మాటలుగా విడదీసి రాసుకోండి, తప్పేం లేదు.

తర్వాత చూడాల్సింది, ఆ అక్షరం అదేనా అని. నాకు బాగా నచ్చిన ఒక బ్రష్ ఫాంట్‌లో పేరు పెట్టి మా అమ్మకి చూపించాను. కళ్లజోడు సవరించుకుని "వొడి పొట్లమా, అదేం పేరురా?" అంది. తలకట్టూ కొమ్మూ కొంచెం అటూ ఇటూ జరిగితే ప కాస్తా వ అయిపోతుంది, ధ పొట్టలో చుక్క పడితే థ అవుతుంది, మ, య కూడా అంతే. మీకు పేరు ముందే తెలుసు కాబట్టి మీ కళ్లు మిమ్మల్ని మోసం చేస్తాయి. పేరు తెలియని వాళ్లు నలుగురికి, అందులో ఒక పెద్దావిడా, బడి పుస్తకాల అక్షరాలు మాత్రమే తెలిసిన ఒక పిల్లాడూ ఉండేలా చూసి, ఏమీ చెప్పకుండా చదవమనండి. ఒక్కరు తడబడినా ఆ ఫాంట్ పక్కన పెట్టేయడమే, ఎంత అందంగా ఉన్నా సరే.

ఇంకోటి నాకు ఆలస్యంగా తట్టింది. "పొడి పొట్లం"లో పొ రెండుసార్లు ఉంది. ఫాంట్‌లో ఆ రెండు పొలూ అచ్చు గుద్దినట్టు ఒకేలా వస్తాయి, మనిషి చెయ్యి అలా రాయదు. "అమ్మమ్మ" అని పేరు పెట్టుకున్న వాళ్లకి ఇది ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది, పక్కపక్కనే రెండు మ్మలు! చూసేవాళ్లు ఇదీ అని చెప్పలేరు కానీ ఏదో కంప్యూటర్‌లో కొట్టినట్టుందే అనుకుంటారు. కర్వ్స్‌లోకి మార్చాక (అంటే ఫాంట్ అక్షరాలు మామూలు గీతల బొమ్మలైపోయాక) రెండో అక్షరాన్ని రవ్వంత వంచడమో, కొమ్ము కాస్త సాగదీయడమో చేస్తే సరిపోతుంది.

ఉచితంగా దొరికేవాటిలో గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న లక్కిరెడ్డి అనే ఫాంట్ చేతిరాత తరహాదే, పేర్లకీ హెడ్డింగులకీ పనికొస్తుంది. బలూ తమ్ముడు అనే ఫాంట్ చేతిరాత కాదు గానీ గుండ్రంగా, లావుగా, స్నేహంగా ఉంటుంది, పిల్లల చిరుతిళ్లకి బాగుంటుందని నా అభిప్రాయం. బాపు గారి చేతిరాత కూడా ఫాంటుగా వచ్చింది, అందరికీ ముందు దాని మీదికే మనసు పోతుంది. నేను మాత్రం వద్దంటాను. ఆ అక్షరాలు చూడగానే బాపు గుర్తొస్తారు తప్ప మీ కందిపొడి గుర్తురాదు.

ఇంగ్లీషు పేరు కూడా కావాల్సిందే. అమెరికా వెళ్లే పార్సిల్ తెరిచేది తెలుగు చదవలేని మనవడు కావచ్చు, హైదరాబాద్‌లో పక్క ఫ్లాట్ వాళ్లకి తెలుగు రాకపోవచ్చు. అయితే తెలుగూ ఇంగ్లీషూ రెండూ చేతిరాతలో పెడితే ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. తెలుగు చేతిరాతలో ఉంటే ఇంగ్లీషు సాదాగా, చిన్నగా కింద ఉండనివ్వండి. చేతిరాతే కావాలని పట్టుబడితే లాబ్‌స్టర్, పసిఫికో జోలికి పోకండి, వీధికో కేఫ్ బోర్డు మీద అవే ఉంటాయి. గ్రేట్ వైబ్స్ లాంటి సన్నగీతల ఫాంట్లు పెళ్లి కార్డుకి సరే, పొడి పొట్లానికి కాదు.

డీటీపీ షాపులో చేయిస్తే ముందే ఒక మాట అడగండి, అది యూనికోడ్ (ఏ సిస్టంలోనైనా తెలుగు అక్షరం తెలుగుగానే ఉండే పద్ధతి) ఫాంటా కాదా అని. చాలా షాపుల్లో ఇప్పటికీ పాత పద్ధతి ఫాంట్లే వాడతారు. వాటి అందం వాటిదే, కానీ ఆ ఫాంట్ లేని సిస్టంలో తెరిస్తే పిచ్చి గుర్తులు తప్ప ఏమీ కనబడవు. వదిన మొదటి లేబుల్ ఒక షాపులో చేయించి ఇంకో చోట ప్రింట్‌కి ఇచ్చింది, ఫైల్ తెరిస్తే పేరు ఉండాల్సిన చోట డాలర్లూ బ్రాకెట్లూ ఉన్నాయి. అందుకే బయటికిచ్చే ఫైల్ ఎప్పుడూ కర్వ్స్ చేసి ఇమ్మనండి, కోరెల్ సాఫ్ట్‌వేర్‌లో అయితే కంట్రోల్ క్యూ. ఇలస్ట్రేటర్‌లో మీరే చేసుకుంటుంటే ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద ఇండిక్ ఆప్షన్స్ ఆన్ చేయండి, లేకపోతే ఒత్తులు విడిపోయి ఫాంట్ తప్పేమో అనిపిస్తుంది.

ఇక ప్రింట్. స్క్రీన్ మీద పెద్దది చేసి చూసుకోవడం మానేసి, అసలు లేబుల్ సైజులో మామూలు ప్రింట్ తీసి సీసాకి అంటించి, షాపు రాక్‌లో ఉన్నట్టు ఏడెనిమిది అడుగుల దూరం నుంచి చూడండి. వాట్సాప్ డీపీలో పెట్టి కూడా చూడండి, ఆ గుండ్రంలో కింది ఒత్తు కోసుకుపోతుందేమో. గోధుమరంగు కాగితం కవరు మీద ఇంకు పాకి సన్న సందులు పూడిపోతాయి, రబ్బరు స్టాంపులోనూ అంతే. ధ, భ లాంటివి ముద్దగా అయిపోతాయి.

చేతిరాత పేరుకి మాత్రమే. దినుసులు, బరువు, తయారీ తేదీ, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు, ఇవన్నీ సాదా ఫాంట్‌లో, స్పష్టంగా ఉండాలి. తెలుగుకి మండలి అనే ఫాంట్ చక్కగా సరిపోతుంది. చట్టం అడిగే వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండి తీరాలి, తెలుగు అదనంగా పెట్టుకోవచ్చు.

లైసెన్స్ చదవండి. ఉచితంగా డౌన్‌లోడ్ అయినంత మాత్రాన అమ్ముకునే సరుకు మీద వాడొచ్చని కాదు, పర్సనల్ యూజ్ అని ఉంటే వ్యాపారానికి కుదరదు. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ అని ఉంటే టెన్షన్ లేదు.

ఇంత వెతికాక మేం చివరికి ఏ ఫాంటూ వాడలేదు. పేరులో ఉన్నవి నాలుగైదు అక్షరాలు, దానికోసం వందల రూపాలున్న ఫాంట్ ఎందుకు? ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గిన బోర్డు ఆర్టిస్టు ఒకాయన మా ఊళ్లో ఉన్నారు. తెల్లకాగితం మీద నల్ల ఇంకుతో, బ్రష్షుతో, పెద్దగా, ఓ ముప్పై సార్లు రాయమన్నాం. మొదటి పది మరీ బుద్ధిగా వచ్చాయి, చెయ్యి తిరిగాక ఇరవై తర్వాతవి బాగున్నాయి. ఒక కాగితంలోని "పొడి", ఇంకో కాగితంలోని "పొట్లం" తీసుకున్నాం. 600 డీపీఐలో స్కాన్ చేసి, ఇంక్‌స్కేప్‌లో ట్రేస్ బిట్‌మ్యాప్ (స్కాన్ బొమ్మని గీతలుగా మార్చే ఆప్షన్) కొట్టి, అంచులు శుభ్రం చేస్తే లోగో తయారు. ఆయనకి అడిగినంత ఇచ్చి, హక్కులు మాకే అని కాగితం మీద సంతకం తీసుకున్నాం. మొహమాటపడకండి, కాపీరైట్ బదిలీ రాతలో ఉంటేనే చెల్లుతుంది, అందులో ఎంతకాలమో రాయకపోతే చట్టం 5 ఏళ్లే లెక్కేస్తుంది.

ఎస్‌వీజీ, పీడీఎఫ్, బ్యాక్‌గ్రౌండ్ లేని పీఎన్‌జీ, మూడూ ఒక ఫోల్డర్‌లో దాచుకోండి. ప్రింటర్ అడిగితే వాట్సాప్‌లో ఫొటోలా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, ఫొటోగా పంపితే కుదించేస్తుంది, అంచులన్నీ మసకబారతాయి.