పెయింటింగ్‌ను అమ్మకానికి సిద్ధం చేయడం ఎలా?

బొమ్మ కొన్నవాళ్లు ఇంటికెళ్లగానే దాన్ని వెనక్కి తిప్పుతారు, దేనికి తగిలించాలో చూడడానికి. అక్కడ ఉత్త చెక్క, వేలాడుతున్న కాన్వాస్ పోగులు కనిపిస్తే పైన పటారం లోన లొటారం అన్నట్టే ఉంటుంది. తగిలించే ఏర్పాటు లేని పెయింటింగ్ ఇంకా పూర్తికాని పెయింటింగే అని నా లెక్క. వైరు కట్టని పనిని చాలా గ్యాలరీలు తీసుకోవు కూడా.

ముందు ఆరిందో లేదో చూడండి

ఆక్రిలిక్ పైకి గంటల్లో ఆరినట్టే ఉంటుంది, మందంగా వేసిన చోట మాత్రం లోపల ఆరడానికి రోజులు పడుతుంది. ఆయిల్ సంగతి వేరు. వేలికి అంటకపోయినంత మాత్రాన ఆరినట్టు కాదు. అన్నింటికంటే మందంగా రంగు ఉన్న చోట గోటితో మెల్లగా నొక్కి చూడండి. గుంట పడితే ఇంకా ఆగాలి. పాత పద్ధతి వార్నిష్‌కైతే ఆయిల్ రంగుకు ఆరు నెలల నుంచి ఏడాది దాకా సమయం ఇవ్వడం ఆనవాయితీ. ఇప్పుడు అంతకంటే ముందే వేయగల వార్నిష్‌లూ వస్తున్నాయి, డబ్బా మీద రాసింది చదివి పాటించండి.

సంతకం వార్నిష్‌కు ముందే పెట్టేయాలి. ఫొటో కూడా ఈ దశలోనే, అద్దం బిగించకముందే తీసుకోండి. అద్దం వెనక ఉన్న బొమ్మను ఫొటో తీస్తే అందులో మీరూ మీ ఫోనూ కనిపిస్తారు.

అంచులు చూస్తే ఫ్రేమ్ కావాలో వద్దో తెలుస్తుంది

కాన్వాస్‌ను పట్టి ఉంచే స్టేపుల్స్ వెనక వైపు ఉండి, పక్కలు శుభ్రంగా ఉంటే ఫ్రేమ్ లేకుండానే అమ్మొచ్చు. పక్కలకు కూడా రంగు వేయండి. బొమ్మనే అంచు మీదికి కొనసాగించినా సరే, ఒకే రంగు పూసినా సరే. కారిన చుక్కలను, వేలిముద్రలను మాత్రం అలా వదిలేయకండి. స్టేపుల్స్ పక్కల్లోనే కనిపిస్తుంటే ఫ్రేమ్ తప్పదు.

కాన్వాస్ వదులైతే స్ట్రెచర్ బార్ (కాన్వాస్‌ను సాగదీసి బిగించే వెనక చెక్క చట్రం) మూలల్లో దూర్చే చిన్న చెక్క చీలలను సుత్తితో మెల్లగా, అన్ని మూలలా సమంగా తట్టండి. వెనక నీళ్లు చల్లితే కాసేపు బిగుస్తుంది గానీ మళ్లీ వదులవుతుంది.

డి-రింగులు, వైరు

అసలు పని ఇదే. తొందరపడొద్దు.

బొమ్మను మెత్తటి గుడ్డ మీద బోర్లించండి. రంగు ఎత్తుగా ఉన్న బొమ్మ అయితే మధ్యభాగం దేనికీ తగలకుండా అంచుల కింద మాత్రమే ఆధారం పెట్టాలి. బార్‌కూ కాన్వాస్‌కూ మధ్య ఒక అట్టముక్క దూర్చండి. స్క్రూడ్రైవర్ జారితే చిల్లు అట్టకే పడుతుంది.

డి-రింగులంటే స్క్రూతో బిగించే, D ఆకారపు లోహపు రింగులు. అవి రెండు నిలువు బార్ల మీద, పై అంచు నుంచి బొమ్మ ఎత్తులో నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య రావాలి. 60 సెంటీమీటర్ల ఎత్తుంటే పై నుంచి 15 నుంచి 20 సెంటీమీటర్ల కిందన్నమాట. ఇంకా కిందికి దించితే బొమ్మ గోడ నుంచి ముందుకు వాలుతుంది. రెండు వైపులా టేపుతో కొలిచి గుర్తు పెట్టండి, కంటి అంచనాను నమ్మొద్దు. స్క్రూ కన్నా సన్నటి బిట్‌తో ముందు చిన్న రంధ్రం చేయకపోతే సన్నటి బార్ చీలే ప్రమాదం ఉంది. బార్ మందం 19 మిల్లీమీటర్లైతే 12 మిల్లీమీటర్ల స్క్రూ చాలు. అంతకంటే లోతుకు డ్రిల్ దిగకుండా బిట్ చుట్టూ కాస్త టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. రింగు పూర్తిగా అడ్డంగా కాకుండా, వైరు లాగే దిక్కుగా కొంచెం పైకి తిరిగి ఉండాలి.

వైరు రెండు రింగుల మధ్య దూరం కన్నా సుమారు 40 సెంటీమీటర్లు ఎక్కువగా కత్తిరించండి. ప్లాస్టిక్ తొడుగున్న స్టీల్ వైరైతే చేతికి గుచ్చుకోదు. రింగులోంచి రెండుసార్లు తిప్పి, బిగించి, మిగిలిన కొసను వైరు చుట్టూనే దగ్గరదగ్గరగా చుట్టండి. చివర మొన మీద టేపు వేయండి. నూలుతాడు, జనపతాడు వద్దు. సాగుతాయి, కొన్నాళ్లకు పెళుసుబారతాయి.

వైరు వీణ తీగలా బిగిస్తే గట్టిగా ఉంటుందనుకునేవాళ్లు చాలామంది. లెక్క దానికి పూర్తిగా వ్యతిరేకం. వైరు అడ్డగీతకు 30 డిగ్రీల కోణంలో పైకి లేస్తే ఒక్కో రింగు మీద పడే లాగుడు బొమ్మ బరువంత ఉంటుంది. కోణం 10 డిగ్రీలకు తగ్గితే అది దాదాపు మూడు రెట్లవుతుంది. అంటే పది కిలోల బొమ్మ ఒక్కో స్క్రూను దగ్గరదగ్గర 29 కిలోలతో లాగుతుంది. కాబట్టి కాస్త వదులుగా ఉంచండి. మధ్యలో వేలు పెట్టి పైకి లాగితే వైరు పై అంచుకు సుమారు 5 సెంటీమీటర్ల కింద ఆగాలి. అంతకంటే పైకి వస్తే గోడ మీద కొక్కెం బొమ్మ పైనుంచి కనిపిస్తుంది, చూడ్డానికి బాగోదు.

పెద్దవి, బరువైనవి అయితే వైరు మానేసి రెండు, మూడు స్క్రూలు పట్టే పెద్ద డి-రింగులను నేరుగా రెండు కొక్కేలకు తగిలించేలా బిగించండి. రంపపు పళ్లలాంటి సాటూత్ పట్టీలు చిన్న, తేలికపాటి బొమ్మలకు తప్ప పనికిరావు. చెయ్యి తగిలితే బొమ్మ పక్కకు ఒరుగుతుంది, ఊడి పడినా పడుతుంది. చెక్కలోకి తిప్పే, తల గుండ్రటి రింగులా ఉండే కంటి స్క్రూలు బయటికి పొడుచుకొచ్చి గోడను గీస్తాయి, వరసగా పేర్చి పెడితే పక్క బొమ్మ కాన్వాస్‌ను చీలుస్తాయి.

అయ్యాక ఒక రాత్రంతా గోడకు తగిలించి చూడండి. స్క్రూ కదిలినా, ముడి జారినా మీ దగ్గరున్నప్పుడే తెలియాలి.

ఫ్రేమ్ కట్టేటప్పుడు

కొనేవాళ్ల అభిరుచి మనకు తెలియదు కాబట్టి ఖరీదైన నగిషీ ఫ్రేమ్ మీద డబ్బు పోయకండి. నలుపు, తెలుపు, మామూలు చెక్కరంగు చాలు. కాన్వాస్‌కు నా ఓటు ఫ్లోటర్ ఫ్రేమ్‌కే. అందులో కాన్వాస్ అంచుకూ ఫ్రేమ్‌కూ మధ్య చుట్టూ సన్నటి సందు ఉంటుంది, బొమ్మలో ఒక్క మిల్లీమీటరూ మూసుకుపోదు. వెనక నుంచి బార్‌లోకి స్క్రూలు బిగిస్తారు. మామూలు ఫ్రేమ్ అయితే లోపలి గాడి బొమ్మ అంచును కొన్ని మిల్లీమీటర్లు కప్పేస్తుంది, సంతకం మరీ మూలకు పెట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఆ ఫ్రేమ్‌లో మేకులు కొట్టొద్దు. వంపు తిరిగిన ఆఫ్‌సెట్ క్లిప్పులను ఫ్రేమ్‌కు మాత్రమే స్క్రూ చేస్తే అవే కాన్వాస్‌ను నొక్కి పట్టుకుంటాయి, ఎప్పుడైనా విప్పొచ్చు. ఫ్రేమ్ వేశాక వైరు ఫ్రేమ్‌కే కట్టాలి.

కాగితం మీద వేసిన వాటర్ కలర్, పాస్టెల్, బొగ్గు పనులకు అద్దం కావాలి. అద్దం మాత్రం కాగితాన్ని తాకకూడదు. తాకితే చెమ్మ పట్టి రంగు అతుక్కుంటుంది, బూజు వస్తుంది. మధ్యలో బొమ్మ చుట్టూ అంచులా వచ్చే యాసిడ్ లేని మౌంట్ అట్ట గానీ, అద్దాన్ని ఎడంగా ఉంచే సన్నటి పట్టీ (స్పేసర్) గానీ పెట్టించండి. పాస్టెల్‌కు, బొగ్గుకు ఆక్రిలిక్ షీటు వద్దు, దాని స్థిర విద్యుత్తు పొడిని లాగేస్తుంది. కాగితాన్ని పై అంచున రెండు చోట్ల మాత్రమే పల్చటి జపనీస్ కాగితపు పట్టీలతో, గోధుమ పిండి జిగురుతో అతికించి వేలాడనివ్వండి. సెల్లో టేపు పసుపుపచ్చగా మారి మచ్చ వదులుతుంది. అది పట్టిన కాగితాన్ని బాగుచేయడం కష్టం.

వెనక రాయాల్సినవి, ప్యాకింగ్

కింది రెండు మూలల్లో చిన్న ఫెల్ట్ లేదా రబ్బరు బిళ్లలు అంటించండి. గోడ గీసుకోదు, వెనక గాలి ఆడుతుంది. బొమ్మ పేరు, మీ పేరు, సంవత్సరం, ఏ రంగులు, ఏ ఉపరితలం, ఎత్తు, వెడల్పు బార్ మీద గానీ అంటించిన చీటీ మీద గానీ రాయండి. కాన్వాస్ వెనక పెన్నుతో రాస్తే ఆ ఒత్తిడికి ముందు వైపు రంగు పగలొచ్చు, సిరా కూడా దిగొచ్చు. వార్నిష్ వేసి ఉంటే అది ఏ వార్నిషో రాయండి. ముందు ముందు శుభ్రం చేసేవాళ్లకు అది కావాలి.

ఆక్రిలిక్ ఆరినా కాస్త మెత్తగానే ఉంటుంది, వేడికి ఇంకా మెత్తబడుతుంది. బబుల్ ర్యాప్ నేరుగా చుడితే ఆ బుడగల అచ్చులు బొమ్మ మీద పడతాయి. ముందు సిలికాన్ పూత ఉన్న కాగితం, దాని మీద గట్టి అట్ట, ఆ పైన బబుల్ ర్యాప్, మూలలకు అట్ట తొడుగులు. మామూలు అద్దం ఉంటే దాని మీద మాస్కింగ్ టేపును నక్షత్రంలా అడ్డదిడ్డంగా అంటించండి, పగిలినా పెంకులు బొమ్మను కోయవు. పూత వేసిన అద్దానికి, ఆక్రిలిక్ షీటుకు టేపు వేయొద్దు.

ప్యాకెట్‌లో బరువుకు సరిపడే ఒక కొక్కెం, పై అంచు నుంచి మేకు ఎన్ని సెంటీమీటర్ల కింద కొట్టాలో రాసిన చీటీ పెట్టండి. రాసే ముందు వైరును పైకి లాగి ఆ దూరం ఇంకోసారి కొలవండి.