ట్రేసింగ్ పేపరుతో ఫ్లాష్ వెలుగును మెత్తబరచడం ఎలా?

కెమెరా మీది చిన్న ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో నుదురు, ముక్కు కొన తెల్లగా మెరిసిపోతాయి, గడ్డం కింద, వెనక గోడ మీద గట్టి అంచున్న నీడ పడుతుంది. వెలుగు ఎక్కువ కావడమే ఇందుకు కారణమనుకుని చాలామంది ఫ్లాష్ శక్తిని తగ్గిస్తారు, అయినా నీడ అంచు మారదు. నీడ కరుకుగా ఉంటుందా, మెత్తగా ఉంటుందా అన్నది, వెలుగు వచ్చే చోటు మన ముందున్న మనిషికి ఎంత పెద్దదిగా కనిపిస్తుందన్న దానిపై ఆధారపడి ఉంటుంది. సూర్యుడు ఆకాశంలో సుమారు అర డిగ్రీ వెడల్పున మాత్రమే కనిపిస్తాడు కనుక ఎండలో నీడలు స్పష్టంగా ఉంటాయి, మబ్బు పట్టిన రోజున ఆకాశమంతా వెలుగునిస్తుంది కనుక అవి దాదాపు మాయమవుతాయి.

అందువల్ల ఫ్లాష్ అద్దానికి ట్రేసింగ్ పేపరును, అంటే వెలుగును కొంత దాటనిచ్చే పలుచని కాగితాన్ని, నేరుగా అతికిస్తే పెద్ద ప్రయోజనం ఉండదు. వెలుగు తగ్గుతుందే తప్ప అది బయలుదేరే చోటు పెరగదు. కాగితం ఫ్లాష్‌కు కొంత దూరంలో నిలబడాలి, ఆ ఎడంలో వెలుగు విచ్చుకుని కాగితమంతా పరుచుకోవాలి. 4 సెంటీమీటర్ల వెడల్పు కూడా లేని ఫ్లాష్ ఎదుట 8 సెంటీమీటర్ల దూరంలో కాగితాన్ని నిలిపితే, దాని మీద సుమారు 10 సెంటీమీటర్ల మేర వెలుగుతుంది. ఈ పనిముట్టు చేసే పని అంతా ఈ ఎడంలోనే ఉంది.

ముందుగా ట్రేసింగ్ పేపరును 15 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పున కత్తిరించండి. తర్వాత దళసరి తెల్ల అట్ట నుంచి 10 సెంటీమీటర్ల పొడవున్న రెండు ముక్కలు తీసుకుని, కాగితానికి అటూ ఇటూ సెల్లోటేపుతో అతికించండి. వాటి రెండో కొసలను ఫ్లాష్ తలకు ఇరువైపులా ఆనించి రబ్బరు బ్యాండుతో బిగించండి. అట్టల లోపలి వైపు తెల్లగా ఉండాలి, అప్పుడే పక్కలకు పోయే వెలుగు తిరిగి కాగితం మీదికి వస్తుంది. కాగితం కింది అంచు లెన్స్ గొట్టం మీద ఆనేలా చూసుకోండి. ఇంకా కిందికి దిగితే అది ఫొటోలోకి వచ్చేస్తుంది, పైకి ఉంటే ఫ్లాష్ వెలుగు నేరుగా ముఖాన్ని తాకుతుంది. లెన్స్ ముందు తొడిగే గొట్టం (లెన్స్ హుడ్) ఉంటే తీసేయండి. జూమ్‌ను పూర్తిగా వెనక్కి తెచ్చి ఒక ఫొటో తీసి, మూలల్లో కాగితం నీడ కనిపిస్తున్నదేమో పరిశీలించండి.

కాగితం కొంత వెలుగును మింగేస్తుంది కనుక ఆ నష్టాన్ని భర్తీ చేయాలి. చాలా కెమెరాల్లో లేచే చిన్న ఫ్లాష్‌కు గైడ్ నంబర్, అంటే దాని శక్తిని చెప్పే సంఖ్య, ఐఎస్‌ఓ (కెమెరా వెలుగును పట్టే సున్నితత్వం) 100 దగ్గర సుమారు 12 మీటర్లు, అంటే అపెర్చర్‌ను (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రాన్ని) ఎఫ్4 దగ్గర ఉంచితే, 12ను 4తో భాగించగా వచ్చే 3 మీటర్ల వరకు అది చేరుతుంది. కాగితం వల్ల 2 స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది) పోయాయనుకున్నా, ఐఎస్‌ఓను 400కు పెంచితే అదే 3 మీటర్ల దూరం తిరిగి దక్కుతుంది. లెన్స్ గుండా వెలుగును కొలిచే టీటీఎల్ పద్ధతి ఉన్న కెమెరా ఈ లెక్కను చాలావరకు తానే సరిచేసుకుంటుంది, ఫ్లాష్ శక్తి అయిపోతే మాత్రం ఏమీ చేయలేదు. గదిలోని సహజ వెలుగు కూడా ఫొటోలో చేరాలంటే షట్టర్ వేగాన్ని సెకనులో 60వ వంతుకు తగ్గించండి. మనిషి కదలకుండా ఉంటే ఇది చాలు.

ఇక్కడ దూరం విషయంలో ఒక మాట చెప్పాలి. 10 సెంటీమీటర్ల కాగితం 1 మీటరు దగ్గర పెద్ద దీపం, 4 మీటర్ల దగ్గర మళ్లీ చిన్న చుక్కే. కనుక దగ్గరికి వెళ్లి ఫొటో తీయండి, మనిషిని గోడకు కనీసం 1 మీటరు ముందుకు జరపండి. వెనక పడే నీడ కిందికి, పక్కకు జారి కనుమరుగవడానికి ఈ జరపడం కాగితం కంటే ఎక్కువ సాయపడుతుందని నా అభిప్రాయం.

తల తిరిగే విడి ఫ్లాష్ ఉన్నవారు కాగితం జోలికి పోనక్కరలేదు. తలను పైకి తిప్పి, దాని వెనక 12 సెంటీమీటర్ల ఎత్తున తెల్ల కార్డు కట్టండి. తక్కువ ఎత్తున్న తెల్లని పైకప్పు వెలుగును వెదజల్లి ముఖమంతా పరుస్తుంది, కార్డు కంటి గుంటల్లో చీకటి చేరకుండా కొంత వెలుగును ముందుకు పంపుతుంది. పైకప్పుకు రంగు ఉంటే ఆ ఛాయే ముఖం మీద పడుతుంది. ఆరుబయట పైకప్పే లేదు కనుక అక్కడ ఈ పద్ధతి వెలుగును వృథా చేస్తుంది, ముందు చెప్పిన కాగితమే మేలు.

ఫ్లాష్‌ను పూర్తి శక్తితో వెంట వెంట వెలిగిస్తే దాని అద్దం బాగా వేడెక్కుతుంది, కాబట్టి అట్టను గానీ సెల్లోటేపును గానీ అద్దం మీదికి రానివ్వకండి. కాగితం పసుపెక్కితే ముఖాలకూ ఆ ఛాయ అంటుతుంది, అప్పుడు కొత్తది కత్తిరించుకోండి.